యాభై ఎనిమిది నిండేదాకా

"గీ పేపర్ ఎవరు ఇప్పిన్రు?" అని ఆయన ముందుగదిలోంచి అడిగేసరికి పొయ్యి మీద మాంసం సగం ఉడికింది. ఈ ఇంట్లో అక్షరం వచ్చినవాళ్లం ఇద్దరమే, అత్తమ్మకు పేపరంటే వడియాలు ఆరబోసుకునే వస్తువు, అయినా ఆదివారం వచ్చిందంటే ఈ ప్రశ్న ఉంటుంది. "నేనే చూసిన" అన్నాను. "చూసుడు వేరు, మడత ఇరగ్గొట్టుడు వేరు. మూడో పేజి మీదికొచ్చింది. ఇగో, చాయ్ చుక్క." "చాయ్ కాదు, మంచు." "మంచు గిట్ల ఎర్రగ పడ్తదా? వారానికి ఒక్కనాడన్న కొత్త పేపర్ చదువుదమంటె ఎంగిలి చేసి పెడ్తవ్." "ఎంగిలైతె చదవకున్రి." "పైసలు పెట్టి కొన్నది నేను." "వాకిట్ల నుంచి ఏరుకొచ్చింది నేను." గొడవ పేపరు మడత గురించి కాదని ఇద్దరికీ తెలుసు, ఏ పేజీ గురించో కూడా తెలుసు. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆయనకంటే ముందు నేను నోట్లో పెట్టుకున్నది ఏమీ లేదు, ముందు చదివేది ఈ పేపరొక్కటే, అందులోనూ ఫండ్ల ధరలు వేసే ఆ ఒక్క మూల. సాయంసంధ్య ఫండు యూనిటు, ఆరు రూపాయల నలభై రెండు పైసలు. పోయిన ఆదివారం ఆరున్నర. చీమ నడిచినట్టు దిగుతోంది. గని కార్మికులతో పది రూపాయలకు కొనిపించాం. కొనిపించారు అని రాయాలి, కానీ చేతిరాత నాది.

పెరట్లో బుచ్చవ్వ గిన్నెలు తోముతోంది. పన్నెండేళ్లుగా అదే బండ, అదే బూడిద, అదే కొబ్బరి పీచు, కానీ ఇవ్వాళ చప్పుడు లేకుండా తోముతోంది, ఇనుప మూకుడు కూడా నేలకు తగలకుండా పెడుతోంది, ఏదన్నా గట్టిగా తాకితే మా మనసు మారిపోతుందని కాబోలు. గేటు బయట రిక్షాలో ఆమె మొగుడు రాజయ్య కూర్చున్నాడు. లోపలికి రమ్మంటే మూడు మెట్లు ఎక్కలేనన్నాడు. దగ్గు వంటింటి దాకా వస్తుంది, రెండుసార్లు పొడిగా, మూడోసారి ఏదో తడిగా లోపలినుంచి పెకలించినట్టు, తర్వాత కాసేపు ఏమీ ఉండదు, ఆ ఏమీ లేనప్పుడు బుచ్చవ్వ చేయి ఆగుతుంది, మళ్లీ దగ్గు వినిపించాక పీచు కదులుతుంది. ఆమె తెచ్చిన స్టాంపు కాగితం ఉప్పు జాడీ కింద ఉంది. కచేరీ దగ్గర వకీలు టైపు కొట్టించి ఇచ్చాడట. రాజయ్య అనే మనిషీ, గని రికార్డులో హనుమండ్లు అనే మనిషీ ఒక్కరేనని, ఆ సంగతి ఫారం నింపిననాడే మాకు తెలుసునని అందులో ఉంది. కింద రెండు గీతలు. ఒకదాని కింద ఏజెంటు అని, అంటే ఆయన, రెండో దాని కింద ఫారం నింపినవారు అని, అంటే నేను. రెండిట్లో ఏ ఒక్క సంతకమున్నా చాలునట. ఆయన పొద్దున చదివి, కళ్లద్దాలు తీసి, "తిన్నంక చెప్త" అన్నారు. ఇప్పుడు పదకొండు దాటింది. మాంసం ఉడకాలి, పచ్చిపులుసు కలపాలి, బియ్యం ఇంకా ఎసట్లో పడలేదు. గంట ఉంది.

ఉల్లిగడ్డ కోస్తుంటే నాకు కన్నీళ్లు రావు, చిన్నప్పటినుంచీ రావు, అవ్వ నన్ను రాతికండ్లది అనేది. తొంభై నాలుగు ఫిబ్రవరిలో రోజూ సాయంత్రం ఈ వంటింటి గడప మీదే కూర్చుని నలభై మూడు సాయంసంధ్య ఫారాలు నింపాను. ఆయన రాత కోడి గీకినట్టుంటుంది, ఫండు నడిపే బొంబాయి కంపెనీ వాళ్లు రెండుసార్లు తిప్పి పంపారు, అప్పటినుంచి రాత పని నాకు వచ్చింది. నాకు ఇష్టంగానే ఉండేది. పేరు పెద్ద అక్షరాల్లో, డబ్బాకు ఒక్క అక్షరం, తండ్రి పేరు, నామినీ, వయసు. రాజయ్య వయసు దగ్గర ఆగి, "ఏ వయసు రాయాలె?" అని అడిగాను. ఎందుకంటే రాజయ్యకు రెండు వయసులున్నాయి. గనిలో అతను ముసలివాడు, ఆ నెలలోనే వయసు నిండిందని పంపించేశారు. ఇంటి రేషన్ కార్డులో నలభై తొమ్మిది. "కార్డుల ఉన్నది రాయి, నలభై తొమ్మిది" అన్నారు ఆయన, నా వైపు చూడకుండా. గని వయసు రాస్తే యాభై ఎనిమిది దాటినవాడి కింద లెక్క, తాళం ఉండదు, నెలనెలా ఇంత వస్తుంది, ఏజెంటుకు కమీషన్ చాయ్ ఖర్చుకు సరిపోతుంది. నలభై తొమ్మిదని రాస్తే తొమ్మిదేళ్లు డబ్బు తీయకుండా తాళం, తొమ్మిదేళ్ల కమీషన్ ముందే చేతికి వస్తుంది. నాకు ఇది తెలుసు. షరతుల పుస్తకం ఇంగ్లీషులో ఉంది, ఈ ఇంట్లో దాన్ని చివరిదాకా చదివింది నేనొక్కదాన్నే. నాలుగు, తొమ్మిది. నాలుగు డబ్బా గీత దాటకుండా, తొమ్మిది తోక వంకర పోకుండా రాశాను. చక్కగా వచ్చింది.

రెండు వయసులెందుకో ఈ బొగ్గు ఊళ్లలో ఎవరూ అడగరు, ప్రతి వాడకట్టులో ఇద్దరు ముగ్గురు అట్లాంటివాళ్లు ఉంటారు. అరవై నాలుగులోనో అయిదులోనో రాజయ్య అన్న హనుమండ్లుకు బాయిలో నౌకరి వచ్చింది, ఇక్కడ గనిని బాయి అనే అంటారు. హనుమండ్లు ఒక్క షిఫ్టు దిగాడు. పైకొచ్చి, ఆ చీకట్లోకి మళ్లీ దిగేకంటే నాగలి పట్టుకుంటానని ఖానాపూర్ దారి పట్టాడు. నౌకరి వదులుకోవడమా? అన్న హాజరు బిళ్ల తమ్ముడు జేబులో వేసుకుని మర్నాడు దిగాడు. ముప్ఫై ఏళ్లు దిగుతూనే ఉన్నాడు. హాజరు పిలిచేటప్పుడు హనుమండ్లు అంటే పలికేవాడు, జీతం హనుమండ్లు పేర వేలిముద్ర వేసి తీసుకునేవాడు, అన్న వయసే తనకు పెరుగుతూ పోయింది, తొమ్మిదేళ్లు ముందే ముసలివాడైపోయాడు. బయట, పెళ్లికార్డులో, ఓట్ల జాబితాలో, బుచ్చవ్వ నోట్లో రాజయ్య. మేం ఫారంలో వేసింది ఈ పేరు. అప్పుడు అది మర్యాదగా కూడా అనిపించింది, మనిషికి అతని పేరు అతనికి ఇచ్చినట్టు. ఇప్పుడు ఊపిరితిత్తులు బొగ్గయిపోయాయని గని దవాఖానా డాక్టరు రాసిచ్చిన సర్టిఫికెట్‌లో హనుమండ్లు అని ఉంది. సాయంసంధ్య షరతుల్లో, యాభై ఎనిమిది నిండేదాకా పైసా తీయరాదు, పనిచేసిన చోటి డాక్టరు ఇక పని చేయలేడని రాసిస్తే తప్ప, లేదా మనిషి చనిపోతే తప్ప. ఆ రెండిట్లో ఏది జరిగినా యూనిటుకు పది రూపాయలు నిండుగా, ధర ఎంత పడినా సరే, ఇస్తామని వాళ్ల హామీ. బొంబాయి నుంచి జవాబు వచ్చింది, మీరు పంపిన సర్టిఫికెట్ వేరే వ్యక్తిదని. అతను చనిపోయినట్టు మున్సిపాలిటీ వాళ్లు కాగితం ఇస్తే మాత్రం దాని మీద రాజయ్య అనే రాస్తారు. అంటే బతికున్న రాజయ్య వేరే మనిషి, చచ్చిన రాజయ్య అసలు మనిషి. ఇది అర్థమైన రోజు నేను చేటలో బియ్యం పట్టుకుని కదలకుండా నిలబడ్డాను, దిగులుతో కాదు, ఇంత నిక్కచ్చిగా ఒక విషయం కుదరడం ఎప్పుడూ చూడలేదు కాబట్టి.

మాంసం కలియబెట్టాను. ఇంకా ఎముక దగ్గర గట్టిగానే ఉంది. ధర ఎందుకు పడిందని అడిగితే ఆయన "మార్కెట్" అంటారు, వాన పడలేదన్నట్టు. మార్కెట్ పడింది, నిజమే, అందరికీ పడింది. కానీ మిగతావి ఎనిమిది తొమ్మిదిలో ఉంటే ఇది ఆరుకు ఎట్లా వచ్చింది? పెళ్లి బంతిలో వడ్డన చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. బస్సు అందుకోవాల్సినవాళ్ల విస్తట్లో ముందు కూర వేస్తారు, అలిగి లేచిపోయేవాళ్ల విస్తట్లో ముక్కలు ఎక్కువ వేస్తారు, ఎటూ పోలేని ఇంటి ఆడవాళ్లకు గంగాళం అడుగున పులుసు. ఆ కంపెనీకే పురోగతి అని ఇంకో ఫండు ఉంది, అందులోవాళ్లు ఎప్పుడు కావాలంటే అప్పుడు అమ్ముకుని వెళ్లిపోవచ్చు. వెళ్లిపోతామని లేచినప్పుడు వాళ్లకు డబ్బివ్వాలి, ఇవ్వాలంటే షేర్లు అమ్మాలి, కొనేవాడు లేని షేర్లు ఎవరికి అమ్ముతారు? పక్క గదిలో సాయంసంధ్య ఉంది, దాని డబ్బు తాళం వేసిన డబ్బు, తొమ్మిదేళ్లదాకా అడిగేవాడు లేడు. పడిపోయిన ఆ షేర్లను నిన్నటి ఎక్కువ ధరకు అది కొనేది. ముసలితనానికి దాచుకునే డబ్బు మధ్యలో తీయకూడదని తాళం వేసింది సర్కారే, మంచి మాటే, ఆ డబ్బు నిలకడగా ఉంటే కంపెనీ తొందర పడకుండా మంచి షేర్లు ఏరి కొంటుందని, అందుకు పన్నులో రాయితీ అని. రాజయ్యకు పన్నెక్కడిది? రాయితీ పన్ను కట్టేవాళ్లకు, తాళం అందరికీ. బాయిలో పనిచేసినన్నాళ్లూ అతని పీఎఫ్ డబ్బును మార్కెట్ వైపు పోనివ్వని రూలు ఉండేది, సర్కారు బాండ్లలో నూటికి పన్నెండు వచ్చేది, నిద్రపోయినా వచ్చేది. "పన్నెండేంది, ముసలోళ్ల వడ్డి" అని ఆయన నవ్వేవారు, మా వాకిట్లో బెంచీ మీద కూర్చున్న కార్మికులతో, "పద్నాలుగుకు తక్కువ రాదు, నాది పూచి." వాళ్లు కూడా నవ్వేవారు. దొర చెప్పిండు కదా. చెన్నూరు దగ్గర మా భూములు పోయాయి, గడీ తలుపులకు చెద పట్టింది, దొర అనే మాట మాత్రం మాతో ఈ ఊరికి బస్సెక్కి వచ్చింది.

తర్వాత రూళ్లు వచ్చాయి. ఒక ఫండు నుంచి ఇంకో ఫండుకు షేర్లు మారిస్తే ఆనాటి బజారు ధరకే మార్చాలని, ధర పేపర్లో వేయాలని, ఇంత ఇస్తామని మాటిచ్చినవాడు పడిన తేడా తన జేబులోంచి పూడ్చాలని. అన్నీ మంచి రూళ్లు, నేను అధికారినైతే నేనూ అవే పెట్టేదాన్ని. పద్నాలుగు శాతం మాట ఉత్తరం ముక్కతో ఎగిరిపోయింది, ఇకమీదట హామీ లేదు, చిత్తగించగలరు. పాత షరతుల్లో కొట్టేయలేనిది ఒక్కటి మిగిలింది, రోగానికీ చావుకూ ఇచ్చే పది రూపాయలు. ఆ తేడా జేబులోంచి పోతుంది కాబట్టి ఇప్పుడు వాళ్లు ఒక్కో ఫారం దీపం పెట్టి చూస్తున్నారు. ఇదివరకు ఎవరూ చదవని నా చేతిరాతను బొంబాయిలో ఎవరో ఒకాయన అక్షరం అక్షరం చదువుతున్నాడు. నాలుగు. తొమ్మిది.

పచ్చిపులుసుకు చింతపండు పిసుకుతున్నాను. పురోగతిలో మేం కూడా ఉండేవాళ్లం. మా నాన్న పోయాక నా వాటాగా వచ్చిన డబ్బు, మా ఆయన దాచింది కలిపి. తొంభై నాలుగు సెప్టెంబర్లో పదిహేడు రూపాయలున్నప్పుడు బయటికి వచ్చాం. రమ్మన్నది నేనే. ధర అంతకంటే పెరగదని నాకు తెలిసి కాదు, మా వీధిలో పాన్‌డబ్బా అతను కూడా షేర్ల గురించి మాట్లాడుతున్నాడని. ఆ డబ్బుతో కరీంనగర్‌లో నా పేర రెండువందల గజాల జాగా కొన్నాం. గ్రాఫు కాగితం మీద ఇల్లు గీసుకున్నాను, రెండు గదులు, వంటిల్లు తూర్పుకు, పెరట్లో గిన్నెలు తోముకునే బండ పక్కన నల్లా, కూర్చుని కాకుండా నిలబడి తోముకునేటట్టు. చాలాసార్లు గీశాను. ఆ పదిహేడులో పది మాది. మిగిలిన ఏడు ఎవరివి? మేం లేచినప్పుడు మా విస్తట్లో వడ్డించిన ముక్కలు ఎవరి గంగాళంలోంచి తీశారు? ఇంత చిన్న కూడిక తీసివేత నాకు రాక కాదు. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతపడి ఏడాది పోకపోతే ఎకనామిక్స్‌లో నాకు ఫస్ట్ క్లాస్ వచ్చేది. మా లెక్చరర్ లీలాబాయి మేడం, జడ మెడ చుట్టూ తిప్పుకుని, "నష్టం ఎటు పోయింది అని అడుగున్రి పిల్లలూ, లాభం ఎటు పోయిందో అదే తెలుస్తది" అనేది. ఆ మూసిన ఏడాదిలో ఇంట్లో ఊరికే కూర్చున్నాను కదా అని సంబంధం చూశారు. మరుసటి ఏడాది పరీక్ష పెళ్లయ్యాక రాశాను, ఈయన బస్టాండులో గడియారం చూసుకుంటూ నిలబడితే. అంతే, తాళం పడింది. నా ధర ఎవరూ పేపర్లో వేయలేదు. వేసి ఉంటే ఎంత ఉండేదో. ఇది జాలి కోసం అనుకోవడం లేదు, లెక్క వస్తే ఆగదు.

"దొరసానీ." బుచ్చవ్వ గడప అవతల నిలబడింది, చేతులకు బూడిద. "దొరవారు ఏమన్నరు?"

"తిన్నంక చెప్త అన్నరు."

"తిననియ్యి, తిననియ్యి. ఆకలి మీద ఏం ఆలోచన ఒస్తది. వకీలు సాబ్ అన్నడు, దొర పెట్టకున్నా దొరసాని పెట్టొచ్చని. నీ రాత ముత్యాల లెక్కుంటది కదా. జర సూడు దొరసాని. పట్నంల దవాఖాన్ల చేర్పిస్తె ఐదారేండ్లు తిరుగుతడన్నరు. గీ నెల దాటితె ఇగ తీస్కరావద్దన్నరు."

"చూస్త" అన్నాను. ఆమెకు నా మీద కోపం లేదు, అదే ఇబ్బంది. కోపం ఉంటే పని సులువయ్యేది. ఆ వయసు వేసింది నా చెయ్యే అని ఆమెకు తెలుసు, అయినా ముత్యాలంటుంది. పన్నెండేళ్లలో ఆమె పగలగొట్టింది ఒక్క గాజు గ్లాసు, దానికి జీతంలో కోసుకొమ్మని తనే చెప్పింది, కోశాను. నాలుగు రూపాయలు. కోయకపోతే అలుసైపోతానని అప్పుడు అనుకున్నాను.

రాజయ్యకు తాగడానికి మంచినీళ్లు నేనే తీసుకుపోయాను. ఎందుకు పోయానో, దగ్గరగా చూద్దామనే కావచ్చు. యాభై ఒక్కేళ్ల మనిషి, డెబ్బై దాటినట్టున్నాడు, గని రికార్డును కూడా మించిపోయాడు. మెడ దగ్గర గుంటలో ఊపిరి లోపలికి పోతున్నప్పుడు చర్మం పీల్చుకుపోతోంది. గ్లాసు రెండు చేతుల్తో పట్టుకున్నాడు. "దొర మంచి బేరమే కుదిర్చిండు దొరసాని" అన్నాడు, మధ్యలో ఆగి ఆగి. "నేను సస్తె పూరా ధర. బతికుంటె గవ్వకు కొనరు. బెల్లంపల్లి ఎడ్ల అంగట్ల గూడ గిట్ల లేదు. ఆడ బతికున్న ఎద్దుకే ఎక్కువిస్తరు." నాకు నవ్వొచ్చింది. ఆపుకోవాలనుకోలేదు. అతను కూడా నవ్వబోయి దగ్గులో పడ్డాడు, నీళ్లు చొక్కా మీద ఒలికాయి. రిక్షా అతను మొహం అటు తిప్పుకున్నాడు. ఖాళీ గ్లాసు తెచ్చి విడిగా పెట్టాను, తర్వాత వేడినీళ్లతో కడగాలని. అతనిది అంటురోగం కాదని, బొగ్గుపొడి అని నాకు తెలుసు. అయినా విడిగా పెట్టాను.

అన్నం ఎసరు పొంగింది. మూత తీశాను. సంతకం పెడితే ఏమవుతుంది, పూర్తిగా చూద్దాం, సగం చూసి వదిలేయడం నా పద్ధతి కాదు. పెడితే రాజయ్యకు తను పెట్టిన ఎనభై వేలు నిండుగా వస్తాయి, అతను పట్నం పోతాడు, అయిదేళ్లు బతుకుతాడో ఏడాది బతుకుతాడో డాక్టర్ల ఇష్టం. గని రికార్డులో యాభై ఎనిమిదని తెలిసీ ఏజెంటు తక్కువ వయసు వేయించాడని బొంబాయివాళ్ల చేతికి కాగితం దొరుకుతుంది. ఏజెన్సీ పోతుంది. ఒక్క ఫారం తప్పయితే నలభై మూడూ తీస్తారు, వాటిలో రెండు వయసులవాళ్లు ఎందరో నాకు కళ్లు మూసుకుని చెప్పడం వచ్చు, పదకొండు మంది. ఇచ్చిన కమీషన్ అంతా వెనక్కి కట్టమంటారు, వడ్డీతో. ఎక్కడినుంచి? కరీంనగర్ జాగా. మొన్న రాత్రి ఈయన పక్క మీద అటు తిరిగి పడుకుని అన్న మాట, "వాడు పోతె ఏ పరేషాన్ లేదు. బుచ్చవ్వకు పూరా పైసలొస్తయి, మనమీద మాట రాదు, కంపెనీ ఖుషి. ఓ రెండు నెలలు." ఆ మాటకు ఒళ్లు జలదరించాలి కదా, జలదరించిందా అని పడుకుని చూసుకున్నాను. లేదు. లెక్క సరిపోయిందా అని చూశాను. సరిపోయింది. అప్పుడు కొద్దిగా భయమేసింది, ఆయన గురించి కాదు. కట్టె పుల్ల ఒకటి లాగి మంట తగ్గించాను. ఉప్పు కావాలి, జాడీ ఎత్తాను, కాగితం అంచు తడిసి మెత్తబడింది. ఫారం నింపినవారు. గీత ఖాళీగా ఉంది. నా పెన్ను గోడ మీది క్యాలెండర్ మేకుకు దారంతో కట్టి ఉంటుంది, పాల లెక్క రాసుకోవడానికి, చేయి చాపితే అందుతుంది. నాలుగు అక్షరాలు, ఇంటిపేరుతో కలిపి ఏడు. ఒక్క నిమిషం కూడా పట్టదు. ఎవరినీ అడగక్కర్లేదు. ముత్యాల్లాంటి రాత. చేయి చాపలేదు, ఉప్పు వేసి జాడీ మళ్లీ దాని మీదే పెట్టాను, మూత బిగించాను.

పన్నెండున్నరకు వడ్డించాను. ఆయనా అత్తమ్మా పీటల మీద కూర్చున్నారు, అత్తమ్మకు పళ్లు లేవు కాబట్టి మెత్తని ముక్కలు ఏరి వేశాను. ఆయన కంచంలో చేయి పెట్టలేదు. గేటు దగ్గర దగ్గు మొదలైంది, ఈసారి చాలాసేపు ఆగలేదు.

"పొద్దటి సంది గట్లనే దగ్గవట్టె" అంది అత్తమ్మ జానకీబాయి. "గా దస్కత్ ఏందో పెట్టి తోలియ్యరాదు జగనూ. నీ సొమ్మేం బోతది?"

"ఏం బోతదో నీకెర్కనా అవ్వా? ఏజెన్సీ పోతది. ప్రమోదిని జాగ పోతది."

"పోతె పోయె. జాగల ఇల్లు కట్టినవా ఏంది, గడ్డి మొలిచింది ఆడ. వాని పాణం గట్టిదేరా, మీ నాయిన ఇంతకన్న తక్కువ దగ్గుకే పోయిండు."

ఆయన నవ్వబోయి మానేశారు. అన్నం మెతుకులు వేలితో అటూ ఇటూ తోస్తున్నారు, కనుబొమ్మల మధ్య నేనెప్పుడూ చూడని గీత ఒకటి పడింది. పెద్దవాడైపోయారు, నేను గమనించలేదు. "బువ్వ దిగుతలేదు ప్రమోదా" అన్నారు, పెరట్లోకి వినపడకుండా గొంతు తగ్గించి. "వాడు నన్ను నమ్మి పెట్టిండు. డీడీ తీసిన రోజు నా కాళ్లు మొక్కిండు, యాదికున్నదా? కట్టేదేదో కడ్దమా? జాగ అమ్మితె అయిపోతది. మనకేం, ఇద్దరం, గీ కిరాయి ఇంట్ల ఎల్లిపోతది." తలెత్తి చూశారు. "నువ్వు చదువుకున్నదానివి. నువ్వేమంటె అది."

ఇరవై ఆరేళ్లలో మొదటిసారి అడిగారు. ఇల్లు ఏ ఊళ్లో ఉండాలో, భూమి ఎప్పుడు అమ్మాలో, ఫారంలో ఏ వయసు వేయాలో దేనికీ అడగలేదు, రాయి అన్నారు, రాశాను. దీనికి అడుగుతున్నారు. మంచితనం ఆయనది కావాలి, జాగ నాది. పెరట్లో పీచు చప్పుడు ఆగింది. ఆమె వింటోంది, తలుపు తీసే ఉంది, వినాలి కూడా, రెండుసార్లు చెప్పే ఓపిక నాకు లేదు. గరిటె గిన్నెలో పెట్టి నిటారుగా నిలబడ్డాను.

"దస్కత్ పెట్టేది లేదు" అన్నాను, అందరికీ వినపడేటట్టు. "మీరు పెట్టరు, నేను పెట్ట. ఆ కాయితం ఇప్పుడే ఆమెకు వాపస్ ఇస్త. రేపటి నుంచి బుచ్చవ్వ మనింటికి పనికి రావద్దు. నెల నిండకున్నా నెల జీతం పూరా ఇచ్చి పంపిస్త."

ఆయన ఇంకా నా వైపే చూస్తున్నారు. కనుబొమ్మల మధ్య గీత మెల్లగా విడిపోయింది. చెయ్యి అన్నంలోకి దిగింది, ముద్ద కలిపారు, నోట్లో పెట్టుకున్నారు, నమిలారు. అత్తమ్మ మాత్రం ముక్క పట్టుకున్న చెయ్యి అట్లాగే ఆపి, పెరటి తలుపు వైపు ఒకసారి చూసి, నన్ను చూసి, "మరి గిన్నెలు?" అంది.

"నేనే తోముకుంట" అన్నాను, ఆయన కంచంలో ఇంకో గరిటె కూర వేస్తూ.